నున్నటి ముఖం

దీపిక దుకాణంలో కుర్చీ ఒక్కటే అయినా అందులో కూర్చునే ముఖాలు రెండు రకాలు. పెళ్లికో పండగకో పోయే ముఖాలు ఒక రకం, దవాఖానకు పోయే ముఖాలు ఇంకో రకం. ఈ రెండో రకం సంగతి బయటి ఊళ్లవాళ్లకు చెబితే నవ్వుతారు. జహీరాబాద్‌లో కాస్త కలిగిన ఇళ్ల ఆడవాళ్లు డాక్టర్ దగ్గరికి పోవాలంటే పొద్దున్నే తలంటుకుంటారు, బీరువాలోంచి మంచి చీర తీస్తారు, అక్కడితో ఆగక దీపిక దగ్గరికొచ్చి కనుబొమలూ పైపెదవీ దారంతో తీయించుకుని మరీ ఆటో ఎక్కుతారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా ఈ ముస్తాబు మానరు. ఇదేం చోద్యమమ్మా అంటే, "అంత పెద్ద డాక్టర్ ముంగట గట్లనే పోయి కూసుంటమా?" అని ఎదురడుగుతారు. దీపిక పదకొండేళ్లుగా ఈ వరసకు లోపల్లోపల నవ్వుకుంటూనే పని చేసిపెట్టింది. ఇప్పుడా నవ్వు రావడం లేదు.

ఆ దుకాణం మహాదేవప్ప ఇంటి కింది గది. మహాదేవప్పది అల్లం వ్యాపారం. తాతల కాలంలో బీదర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన లింగాయతుల కుటుంబం. గోదాములో ఆయన మాట చెల్లుతుంది గానీ ఇంట్లో మాత్రం భార్య శాంతమ్మ చెప్పిందే వేదం. కొడుకు సంతోష్ కాళ్లూ చేతులూ తండ్రి వ్యాపారానికి, నోరు తల్లికి అప్పగించేసి సుఖంగా ఉన్నాడు. కోడలు నందినికి ముప్పై నాలుగేళ్లు, ఆమెకు తొమ్మిదేళ్ల కూతురు రుచిత. దుకాణానికి వెనక ఒక తలుపుంది. అది తీస్తే నేరుగా వాళ్ల వాకిట్లోకే.

ఆ తలుపులోంచే నందిని మధ్యాహ్నం పూట చాయ్ గ్లాసులు రెండు పట్టుకుని వచ్చేది. ఒకటి దీపికకు, ఒకటి తనకు. సోమవారం భజనలో ముందు గొంతెత్తేది ఆమే. ఆ గొంతు కోసమే పక్క వీధి ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. నందిని ముఖానికి దీపిక చెయ్యి తగిలేది ఏడాదికి మూడుసార్లు, అదీ కనుబొమల వరకే. ఇంత సులువైన ముఖం ఇంకొకటి లేదని దీపిక అనేది.

ముందటేడు దసరాకు వారం ముందు ఆ తలుపు తీసుకుని నందిని వచ్చింది. చేతిలో చాయ్ లేదు. కొంగు గడ్డం మీదికి లాక్కుని ఉంది.

"అక్కా, ముందటి తలుపు పెట్టు," అంది.

దీపిక తలుపు పెట్టి వచ్చి కొంగు తీసి చూసింది. గడ్డం కింద రెండు చోట్ల తెగి రక్తం చారికలు కట్టింది. చుట్టూ నల్లగా, పొట్టిగా, మొండిగా వెంట్రుకలు.

"మా ఇంటాయన రేజర్‌తోని గీక్కున్న," అంది నందిని. "మొండిగైందని చూసుకున్నడు. నన్ను చూసిండు. ఏమన్నడో ఎరుకేనా? ‘ఇంట్ల ఇద్దరు మొగోళ్లం గడ్డం గీక్కునుడా?’ అన్నడు. రేజర్ తీస్కపోయి మురికి మోరిల పారేసిండు."

"ఇంతదానికే ఏడుస్తరా పిచ్చిదానా! పది మందిల నలుగురికి ఉంటది. ఒంటి తీరు," అంది దీపిక. దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి, రెండో కొస వేళ్లకు మెలేసి పనిలో దిగింది. అరగంటలో గడ్డం అద్దంలా అయింది. "పో, నెల దినాలు ఫికర్ లేదు," అని వీపు తట్టి పంపింది. తన చేతి మీద తనకంత ధీమా.

సాయంత్రం శాంతమ్మ వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది. "దీపికా, నీకు బిడ్డుంది, నాకు మనవరాలుంది. రేపు ఆ పిల్లను ఎవరన్న చేసుకోవాలె కదా. తల్లికి గడ్డమొచ్చిందట అని బజార్ల అన్నరంటే ఆ పిల్ల నెత్తి మీదికొస్తది. ఈ ముచ్చట నీ నోట్లెకెళ్లి బయటికి పోవద్దు. నీ బిడ్డ మీద ఒట్టెయ్యి."

దీపిక ఒట్టేసింది. ఇంత చిన్న సంగతికి ఒట్టెందుకని కూడా అడగలేదు. ఇంటి యజమానురాలు వచ్చి అడిగితే కాదనే అలవాటు ఆమెకు లేదు, ఒకరి గుట్టు దాచిపెట్టమంటే అదొక మర్యాదలా తోచింది. నలుగురి గుట్టు తెలిసిన ఆడదానికి ఉండే గర్వం కూడా కాస్త ఉండే ఉంటుంది.

నెల రోజులన్నది ఇరవై రోజులకే తిరిగొచ్చింది. సంక్రాంతి దాటేసరికి పదిహేను. శివరాత్రికి పది. గడ్డంతో మొదలైంది పైపెదవి మీదికి, దవడల మీదికి పాకింది. ఒకనాడు నందిని సిగ్గుపడుతూ జాకెట్టు గుండీలు తీసి చూపించింది, రొమ్ముల మధ్య, బొడ్డు కింద, తొడల మీద. దీపిక మైనం కాచి అవీ తీసింది. మామూలుగా దారంతో పదే పదే తీస్తుంటే వెంట్రుక సన్నబడుతుంది, ఏళ్ల తరబడి తీసిన చోట కొన్ని మొలవడమే మానేస్తాయి. ఈమె ముఖం మీద మాత్రం తీసినకొద్దీ ముదిరాయి. ఒంటి పేట దారం పటుక్కున తెగిపోతుంటే దీపిక రెండు పేటలు వేసింది. ఇది ఎక్కడా చూడని వింత అని ఆమె వేళ్లకు తెలుసు. తెలిసి కూడా నోరు మెదపలేదు. పైగా దారం మార్చుకున్న తెలివికి తనను తానే మెచ్చుకుంది.

గొంతు మారడం శివరాత్రి జాగరణ నాడు బయటపడింది. నందిని పాట ఎత్తుకుంది, రెండో చరణంలో గొంతు కిందికి దిగి బొంగురుపోయింది. జలుబన్నారు అంతా. ఆ జలుబు తగ్గలేదు. గోదాముకు వచ్చే ఫోన్ ఆమె ఎత్తితే అవతల రాయికోడ్ రైతు, "సంతోష్ సేఠ్, బండి పంపిన, దిగిందా?" అని అడిగేవాడు. నందిని జవాబు చెప్పకుండా ఫోన్ మామకు ఇచ్చేసేది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. భజనకు పోవడం మానేసింది. నెలసరి కూడా ఆగిపోయింది. అప్పుడు శాంతమ్మ దవాఖానకు తీసుకుపోదామంది.

శాంతమ్మను రాక్షసి అనుకుంటే పొరపాటు. కోడలికి అన్నం సయించకపోతే తనూ తినేది కాదు, ఝరాసంగం గుడికి పోయి మొక్కుకుని వచ్చింది. ఆమెకు కోడలి మీద ప్రేమ ఉంది, ఊరంటే భయం ఉంది. ప్రేమ ఉండాల్సినంతే ఉంది, భయం దానికి రెండింతలు.

శివరాత్రి తర్వాత ఒకసారి, ఉగాది తర్వాత ఒకసారి పేరున్న ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోయొచ్చారు. రెండుసార్లూ పొద్దున్నే దీపిక దగ్గర కూర్చుని, ముఖం తీయించుకుని, పౌడరద్దుకుని పోయారు. రెండుసార్లూ కాగితం మీద అదే మాట రాసుకొచ్చారు. పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగలు, బరువు తగ్గాలి, నడవాలి, ఈ గోలీలు మింగాలి. మూడోసారి మృగశిర కార్తె ముందు. సంతోష్‌కు లోడు పని పడింది, తోడుకు దీపిక పోయింది. అక్కడ జరిగింది ఆమె కళ్లారా చూసింది.

డాక్టర్‌కు ఓపిక లేదనడానికి లేదు, బయట నలభై మంది ఉన్నారు. కళ్లద్దాల మీదుగా నందినిని చూసి అడిగాడు.

"ముఖం మీద, ఒంటి మీద వెంట్రుకలు ఏమైనా ఎక్కువగా వస్తున్నాయా?"

"లేవు సార్," అంది శాంతమ్మ. "ఏదో జరంత నూగు, అందరికుండేదే."

"ఆమెను చెప్పనివ్వండమ్మా."

నందిని నోరు తెరిచింది. గాలి పీల్చుకుంది. అత్త చెయ్యి ఆమె మోకాలి మీద పడింది. "గొంతు పట్టింది సార్. జలుబు. మాట్లాడొస్తలేదు," అంది శాంతమ్మ.

డాక్టర్ మళ్లీ నందిని ముఖం చూశాడు. గడ్డం, బుగ్గలు, పైపెదవి. గంట ముందు దీపిక తీసిన చోటల్లా కలబంద రాయడంతో చర్మం నున్నగా మెరుస్తోంది. "ముఖం చక్కగానే ఉంది. చూస్తే రోగం ఉన్నట్టే లేదు," అని నవ్వాడు. పాత గోలీలే రాశాడు.

అప్పుడు పక్కన స్టూలు మీద కూర్చున్న దీపికకు ఏమనిపించిందో చెప్పాలి. ఆమె ఇప్పటికీ దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె పొంగిపోయింది. అంత పెద్ద డాక్టర్ అంత దగ్గర నుంచి చూసి కనిపెట్టలేకపోయాడంటే అది తన చేతిపనే కదా అనుకుంది. ఆటోలో వస్తూ నందిని గడ్డం కింద వేలు పెట్టి ఎత్తి, "చూసినవా, నా పనికి డాక్టరే మెచ్చిండు," అంది. నందిని నవ్వలేదు. ఆటో హైవే దాటేదాకా లారీల వంక చూస్తూ కూర్చుంది.

ఆషాఢం వచ్చేసరికి పది రోజులన్నది మూడు రోజులైంది.

ఆ రోజుల్లోనే ఏరియా దవాఖానకు కొత్తగా వచ్చిన లేడీ డాక్టర్ ఒకామె కనుబొమలకు దీపిక దగ్గరికి వచ్చింది. చిన్న వయసు, ఖమ్మం వైపు మనిషి. ఒక కనుబొమ అయింది, రెండోది సగంలో ఉంది. దీపికకు ఎందుకో నోరు ఆగలేదు. దారం పళ్ల మధ్య నుంచి తీసింది.

"మేడం, ఒక్క ముచ్చట అడుగుత. ఎవరని మాత్రం అడగొద్దు. మూడు దినాలకోసారి గడ్డం తీయాల్సొస్తే అది ఒంటి తీరే అంటరా?"

డాక్టర్ కళ్లు తెరిచింది. "ఎన్నేళ్లు ఆమెకు?"

"ముప్పై నాలుగు."

"చిన్నప్పటి నుంచే ఉందా, ఈ మధ్య వచ్చిందా?"

"దసరా నుంచి మేడం. అప్పుడు నెలకోసారి. ఇప్పుడు మూడు దినాలకు."

"నెలసరి?"

"ఆగిపోయింది."

"గొంతు ఏమైనా మారిందా?"

దీపిక చేతిలోని దారం పక్కన పెట్టింది. తలూపింది. డాక్టర్ కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది.

"ఎవరికైనా చూపించారా?"

"మూడుసార్లు మేడం. ముఖం మంచిగనే ఉందన్నరు."

"గొంతు మారింది, ఇంతింత వెంట్రుకలు వస్తున్నాయి, ముఖం బాగుండటమేంటి?"

"పోయే ముందు నేనే తీసిన," అంది దీపిక. "మూడుసార్లు నేనే తీసిన."

డాక్టర్ కోపం లేకుండానే చెప్పింది. వయసొచ్చినప్పటి నుంచి మెల్లగా వస్తే భయం లేదు, వంశంలో ఉంటుంది, మందులుంటాయి. ఇలా నెలల్లో ముదిరి, గొంతు కూడా మారిందంటే సంగతి వేరు. లోపల ఎక్కడో గడ్డ పెరిగి మగ హార్మోన్ వదులుతూ ఉండొచ్చు. "రేపే తీసుకురండి. ఉన్నది ఉన్నట్టు తీసుకురండి. ఒక్క వెంట్రుక కూడా ముట్టుకోవద్దు," అని రెండో కనుబొమ సగంలోనే వదిలేసి లేచి వెళ్లిపోయింది.

దీపిక ఆ సాయంత్రమే ఒట్టు గట్టు మీద పెట్టి వెనక తలుపు తీసుకుని పోయింది. ఉన్నదంతా శాంతమ్మకు చెప్పింది. శాంతమ్మ ముందు విన్నది గడ్డ సంగతి కాదు.

"గవర్నమెంట్ దవాఖానకా? బజారంత కూసునే కాడికి గడ్డంతోని తీస్కపోవాల్నా? జర తీసి పంపు. డాక్టర్‌కు నోటితోని చెప్పుకుంటం."

"మూడుసార్లు నోటితోని ఏం చెప్పుకున్నమో నేను చూసిన పెద్దమ్మా. నేను తియ్య."

"మా ఇంట్ల కూసోని నాకే ఎదురు చెప్తున్నవా?"

"అవును."

నాలుగు రోజులు నడిచింది ఆ గొడవ. సంతోష్ ఒకసారి దుకాణంలోకి వచ్చి, "అక్కా, అమ్మ చెప్పినట్టు చెయ్యరాదు," అని గొణిగి పోయాడు. నాలుగు రోజుల గడ్డంతో నందిని గదిలో కూర్చుంది. ఐదో రోజు పొద్దున, ఎవరితోనూ చెప్పకుండా, కొంగు కూడా లాక్కోకుండా ముందు వాకిలి గుండా బజారులోకి దిగింది. కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్న వాళ్లు బేరం ఆపి చూశారు. బట్టల దుకాణం అరుగు మీద ఇద్దరు మొగవాళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. దీపిక చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి ఆమె పక్కన చేరింది.

"ఎంత చల్లగుందో అక్కా గాలి," అంది నందిని, ఆ మొగ గొంతుతో, బజారు మధ్యలో, అందరికీ వినబడేటట్టు.

ఏరియా దవాఖానలో లేడీ డాక్టర్ తెర లాగి ఆమెను తల నుంచి పాదం దాకా చూసింది. పైపెదవి, గడ్డం, రొమ్ము, పొట్ట పైభాగం, కిందిభాగం, భుజాల కింద చేతులు, తొడలు, వీపు, నడుము, తొమ్మిది చోట్ల చూసి ఒక్కోదానికి మార్కులు వేసింది. కొన్ని చోట్ల సున్నా, కొన్ని చోట్ల నాలుగు. ఇలా ఒకటుంటుందనీ, వెంట్రుకలకు కూడా లెక్కాపద్ధతీ ఉంటాయనీ దీపికకు అప్పుడే తెలిసింది. ఎప్పటి నుంచి, ఎంత వేగంగా అని అడిగితే నందినికి సరిగ్గా గుర్తులేదు. దీపిక చెప్పింది. దసరాకు నెల, దీపావళికి ఇరవై, సంక్రాంతికి పదిహేను, శివరాత్రికి పది, ఉగాదికి వారం, ఆషాఢానికి మూడు. పండగలు వరసగా వచ్చినట్టు నోట్లోంచి వచ్చేశాయి. డాక్టర్ రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపి, "ఇంత బాగా గుర్తుందే మీకు," అంది. మెచ్చుకోలే అది. దీపిక గోడవైపు తిరిగి నిలబడింది.

రక్తపరీక్షలో మగ హార్మోన్ మొగవాడికి ఉన్నంత ఉంది. స్కానింగ్‌లో మూత్రపిండం మీద గడ్డ కనబడింది, కొబ్బరికాయంత. హైదరాబాద్ పెద్ద దవాఖానలో కోసి తీశారు. అది కేన్సర్ గడ్డ, అప్పటికే కాలేయానికి చేరింది. ఆరేడు నెలల ముందు వచ్చి ఉంటే అని అక్కడి డాక్టర్ మొదలుపెట్టి, నందిని ముఖం చూసి, మాట మార్చాడు. ఆ మొదలుపెట్టిన మాటను దీపిక ఎన్నిసార్లు పూర్తిచేసుకుందో ఆమెకే తెలియదు.

ఆపరేషన్ తర్వాత నెలన్నర బాగుంది. ముఖం మీద మొలక తగ్గింది. నందిని దీపికను పిలిచి గడ్డం ముట్టి చూడమంది. మెత్తగా ఉంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు, రాదని చెప్పారు. దీపావళి దాటిన వారానికి దీపిక వేలికి గడ్డం కింద గరుకుగా తగిలింది. ఈసారి ఆమె గంట కూడా ఆగలేదు, ఆ నిలబడ్డ చోటి నుంచే సంతోష్‌కు ఫోన్ చేసింది. స్కానింగ్‌లో వారం తర్వాత కనబడిన కొత్త గడ్డల సంగతి దీపిక వేలికి ముందే తెలిసింది. అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. దీపికకు దేవుడి మీద కోపం వచ్చింది. నోరు మూసుకున్న రోజుల్లో చెబితే పనికొచ్చే మాట, నోరు తెరిచిన నాడు దేనికీ కొరగాకుండా పోయింది.

చివరి నెలల్లో నందిని ముఖం తీయించుకోలేదు. శాంతమ్మ అడిగింది, బతిమాలింది, ఏడ్చింది. చూడవచ్చే చుట్టాల ముందు తలుపు దగ్గర నిలబడి, "నిద్రపోయింది," అని చెప్పి పంపేసింది. రుచిత ఒక్కతే ఏమీ పట్టించుకోలేదు, తల్లి పక్కన పడుకుని ఆ గడ్డం మీద చెయ్యి పెట్టుకునే నిద్రపోయేది.

ఒక మధ్యాహ్నం దీపిక చాయ్ గ్లాసులు రెండు పట్టుకుని వెనక తలుపులోంచి పోయింది. నందిని రెండు గుక్కలు తాగింది.

"అక్కా, నువ్వు మంచిగ తీసినవ్," అంది. "అంత మంచిగ తీసినవ్ గనుకనే ఎవ్వరికి కనబడలే."

నిందించడానికి అన్నట్టు లేదు. దీపిక తన గ్లాసు కింద పెట్టింది.

"నేను పోయిన్నాడు మా అత్త నిన్ను పిలుస్తది, చూడు," అంది నందిని మళ్లీ. "దారం తీస్కోని రమ్మంటది. నా ముఖం ముట్టకు. నన్ను గిట్లనే పోనియ్యి. చూసేటోళ్లను చూడనియ్యి. ముందుగాల చూడలేదు కదా, అప్పుడన్న చూస్తరు."

దీపిక ఆమె చేతిలో చెయ్యేసింది. ఈసారి ఒట్టు అడిగి తీసుకున్నది కాదు.

మాఘంలో, శివరాత్రి ఇంకా పది రోజులుందనగా, తెల్లవారి ఏడు గంటలకు నందిని పోయింది. ఎనిమిదింటికి వెనక తలుపు చప్పుడైంది. శాంతమ్మే స్వయంగా వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"దీపికా, జర దారం తీస్కోని రా బిడ్డ."

లింగాయతుల్లో పోయిన మనిషిని పడుకోబెట్టరు. గోడకు ఆనించి కూర్చోబెడతారు, నొసట విభూతి పెడతారు, పూలదండలు వేస్తారు, చేతిలో లింగం పెడతారు. అలా కూర్చోబెట్టే ఊరి మధ్యలోంచి మోసుకుపోతారు, అలా కూర్చున్నట్టే భూమిలో పెడతారు. ఏ చాపలోనో చుట్టి ముఖం మీద గుడ్డ కప్పి గబగబా తీసుకుపోయే వీలు లేదు. ముఖం అందరికీ కనబడుతుంది. శాంతమ్మకు కొడుకు పెళ్లాం పోయిన దుఃఖంలో కూడా ఆ సంగతి గుర్తుంది.

దీపిక ఉత్త చేతులతో పోయింది. ముందుగదిలో గోడకు ఆనించి నందినిని కూర్చోబెట్టారు. ఆకుపచ్చ చీర కట్టారు. నొసట మూడు విభూతి రేఖలు, వాటి కింద రూపాయి బిళ్లంత బొట్టు, ఆ కింద దవడల నిండా నల్లటి గడ్డం. గదిలో ఐదారుగురు దగ్గరి ఆడవాళ్లు. బయట వాకిట్లో కర్మ చేయించే జంగమయ్య వచ్చి కూర్చున్నాడు, జనం చేరుతున్నారు.

"దారమేది?" అంది శాంతమ్మ.

"తేలేదు పెద్దమ్మా. తియ్య."

"ఇప్పుడు కూడనా?" అంది శాంతమ్మ. "చచ్చిన మనిషికాడ కూడ పంతమేనా నీది? ఊరంత చూస్తది. రుచిత రేపటి సంది ఎట్ల తిరగాలె ఈ ఊర్ల?"

"నందినే వద్దన్నది. నా చెయ్యి పట్టుకోని చెప్పింది." దీపిక గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. "ఇది సిగ్గు కాదు పెద్దమ్మా, ఇదే రోగం. రోగం బయటికి కనబడింది గిదొక్కటే. డాక్టర్ చూస్తడని మూడుసార్లు మనం తుడిచేసి తీస్కపోయినం. నేను తీసిన, నువ్వు లేదన్నవ్. ఇద్దరం కలిసి సంపినం. నాలుగోసారి నాతోని కాదు."

గదిలో ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు. శాంతమ్మ కొట్టడానికన్నట్టు చెయ్యెత్తింది, ఎత్తిన చెయ్యి కిందికి దించుకుని, దీపికను దాటి వాకిలి వైపు చూసి, "సంతోష్," అని పిలిచింది.

సంతోష్ బజారుకు పోయి పది నిమిషాల్లో వచ్చాడు. కిరాణా కొట్టులో కొన్న కొత్త రేజర్, ఇంకా కవరు కూడా చింపలేదు. సబ్బు, ఇత్తడి గిన్నెలో నీళ్లు. దీపిక తలుపుకు అడ్డం నిలబడింది. "తమ్మీ, వద్దు. నీ కాళ్లు మొక్కుత," అంది. సంతోష్ ఆమె ముఖం చూడలేదు. ఇద్దరు ఆడవాళ్లు దీపిక రెట్టలు పట్టుకుని పక్కకు లాగారు, గట్టిగా కాదు, పెళ్లిలో దారికి అడ్డమొచ్చిన మనిషిని జరిపినట్టు. ఒకరోజు ఇంట్లో ఇద్దరు మగవాళ్లమా అని రేజర్ మోరీలో పారేసిన మనిషి, ఇప్పుడు పెళ్లాం ముందు మోకాళ్ల మీద కూర్చుని, గడ్డానికి సబ్బు నురగ పూసి, తన గడ్డం గీసుకున్నట్టే జాగ్రత్తగా గీశాడు. ఏడుస్తూనే గీశాడు. ఒక్క గాటు కూడా పడలేదు. శాంతమ్మ తడిగుడ్డతో తుడిచి, బుగ్గలకు పసుపు రాసింది.

పదకొండింటికి కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకున్నారు. ముందు డప్పులు, వెనక జనం. నందిని తల నిలబడేందుకు వెనక ఒక గుడ్డ కట్టారు. బజారులో షట్టర్లు సగం దించారు. ఆ రోజు ఆమె గడ్డంతో నడిచిపోతుంటే మోచేతులతో పొడుచుకున్న ఇద్దరూ అదే అరుగు మీద లేచి నిలబడి చేతులు జోడించారు. దీపిక అందరికంటే వెనక నడిచింది. దుకాణం ఖాళీ చెయ్యమని శాంతమ్మ అప్పటికే కబురు పంపింది, అది పెద్దగా బాధించలేదు.

కూరగాయల బండి దగ్గర ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎంత కళుందమ్మా ముఖంల," అంది పక్కనున్న దీపికతో. "చూస్తే రోగమున్నట్టే లేదు. ఏమైందట పాపం?"